విచారణలో పెద్దల విశ్వాస శిక్షణ: మొదలుపెట్టడం, నడపడం, నిలబెట్టడం

మన కతోలిక విచారణల్లో (పారిష్‌లలో) పిల్లలకు ఆదివారం సత్యోపదేశం, అంటే విశ్వాస పాఠాలు, ఉంటుంది. తొలి దివ్యసత్ప్రసాదానికి (కమ్యూనియన్‌కు) పాఠాలుంటాయి, భద్రమైన అభ్యంగనానికి (కన్ఫర్మేషన్‌కు) పాఠాలుంటాయి, పెళ్లికి ముందు కొన్ని తరగతులుంటాయి. చాలామందికి నేర్చుకోవడం అక్కడితో ఆగిపోతుంది. ఆ తర్వాత మనిషి ఇంకో నలభై యాభై ఏళ్లు బతుకుతాడు. అప్పులు, జబ్బులు, పిల్లల చదువులు, అమ్మానాన్నల చావులు, భార్యాభర్తల మధ్య మౌనాలు, అన్నీ చూస్తాడు. పదేళ్ల వయసులో కంఠస్థం చేసిన ప్రశ్నోత్తరాలే అప్పటికీ అతని చేతిలో ఉంటాయి. విశ్వాసం లేక కాదు, ఎదిగే అవకాశం ఎవరూ ఇవ్వక.

శ్రీసభ, అంటే కతోలిక సంఘం, కోరింది ఇది కాదు. పెద్దలకు అందించే ఉపదేశమే ప్రధానమని, మిగిలిన రూపాలన్నీ ఏదో ఒక విధంగా దానివైపే సాగాలని 1971లో రోము వెలువరించిన సత్యోపదేశ మార్గదర్శి చెప్పింది. రెండవ జాన్ పాల్ పోపుగారు 1979లో అదే మాట చెప్పారు, 1997 మార్గదర్శి కూడా అదే చెప్పింది. 1983 నాటి శ్రీసభ చట్టంలో 776వ నియమం పిల్లలకూ యువతకూ మాత్రమే కాదు, పెద్దలకు కూడా ఉపదేశం అందేలా చూడటం విచారణ గురువు బాధ్యత అంటుంది. కాబట్టి మీ విచారణలో ఇలాంటిది మొదలుపెట్టమని ఫాదర్ గారిని అడగడానికి సంకోచించాల్సిన పని లేదు.

నా నమ్మకం ఒకటే. పెద్దలకు ఉపన్యాసాలు పెడితే ఎదగరు. వచ్చే ఆదివారం చదవబోయే సువిశేషం (సువార్త) ముందు పెట్టుకుని, పది పన్నెండు మంది, తమ బతుకు గురించి నోరు విప్పి మాట్లాడుకోగలిగితే ఎదుగుతారు. కింద చెప్పేదంతా అలాంటి కూడికను ఎలా కట్టాలన్న దాని గురించే.

మొదటి అడుగు: ముందు వినండి

పాఠ్యాంశాలు రాసుకుని మొదలుపెట్టకండి. ఒక నెల పాటు జనం ఏం అడుగుతున్నారో వినండి. పూజ అయ్యాక గుడి ముందు చెట్టు కింద నిలబడి మాట్లాడండి. ఆస్పత్రిలో ఉన్నవారిని చూడటానికి వెళ్లినప్పుడు వినండి. సావు ఇంట్లో మూడో రోజు, నాలుగో రోజు జనం పలచబడ్డాక వెళ్లి కూర్చోండి. అసలైన ప్రశ్నలు అక్కడ వస్తాయి.

"ఇంత ప్రార్థించాం, మా ఆయనకు ఎందుకు తగ్గలేదు?" "మరియమాతను ఎందుకు పూజిస్తారని మా తోడికోడలు అడుగుతోంది, ఏం చెప్పాలి?" "పిల్ల పెళ్లికి ముహూర్తం చూపిస్తే పాపమా?" "పాపసంకీర్తనానికి (ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి) వెళ్లి ఎన్నో ఏళ్లయింది, ఇప్పుడు వెళితే ఫాదర్ గారు తిడతారా?" ఈ ప్రశ్నలను వాళ్ల మాటల్లోనే ఒక నోటు పుస్తకంలో రాసుకోండి, పేర్లు వద్దు. రాయడం రాని వాళ్ల ప్రశ్నలు చీటీల పెట్టెలో పడవు కాబట్టి, నోటితో అడిగించి మీరే రాసుకోవాలి. ఏడాది పొడవునా మీకు పనికొచ్చే పుస్తకం అదే.

రెండవ అడుగు: నడిపించేవారిని ఎంచుకోండి

ఫాదర్ గారు ఒక్కరే నడిపితే ఆయన బదిలీతో కూడిక కూడా వెళ్లిపోతుంది. నలుగురైదుగురు కావాలి. ఉపదేశి ఉంటే ఆయన, ఒక సిస్టర్ గారు, ఒక టీచరో నర్సో, ఇద్దరు గృహస్థులు. బడికి పెద్దగా వెళ్లని వారిలో ఒకరు తప్పకుండా ఉండాలి. ఆ ఒక్కరు లేకపోతే మాటలన్నీ చదువుకున్నవాళ్ల వైపు జరిగిపోతాయి.

ఫ్రాన్సిస్ పోపుగారు 2021 మే 10న ఉపదేశి సేవను శ్రీసభలో స్థిరమైన సేవగా ప్రకటించారు. తెలుగు నేల మీద ఈ సేవ కొత్తది కాదు. ఫాదర్ గారు నెలకొకసారి వచ్చే ఊళ్లలో ఆదివార ప్రార్థన నడిపింది, పిల్లలకు జపాలు నేర్పింది, సమాధి దగ్గర ప్రార్థన చెప్పింది ఉపదేశులే. వారి జీతాలు చాలా తక్కువ, గౌరవం ఇంకా తక్కువ. పెద్దల శిక్షణ మొదలుపెట్టే విచారణ ముందుగా తన ఉపదేశిని గౌరవంగా కూర్చోబెట్టాలని గట్టిగా చెబుతున్నాను.

నడిపించేవారికి కావలసిన గుణం వాక్చాతుర్యం కాదు. మౌనాన్ని తట్టుకోగలగాలి. ప్రశ్న అడిగి, ఎవరూ మాట్లాడకపోయినా అర నిమిషం ఆగగలగాలి. "నాకు తెలియదు, ఫాదర్ గారిని అడిగి వచ్చే వారం చెబుతాను" అనగలగాలి. ఎవరైనా ఏడిస్తే తొందరపడి వాక్యం చెప్పకుండా పక్కన కూర్చోగలగాలి.

మూడవ అడుగు: క్యాలెండరు

కతోలిక ఆదివార పఠనాలు మూడేళ్ల చక్రంలో తిరుగుతాయి. ఆ మూడేళ్లనూ ‘ఏ’, ‘బీ’, ‘సీ’ అంటారు. ‘ఏ’ సంవత్సరంలో మత్తయి, ‘బీ’లో మార్కు, ‘సీ’లో లూకా. యోహాను సువిశేషం ముఖ్యంగా తపస్కాలంలోనూ (ఈస్టరుకు ముందు ఉపవాస కాలం) పాస్కా (ఈస్టరు) కాలంలోనూ వస్తుంది. ఏ ఏడాది ఏదో గుర్తు పెట్టుకోవడం సులభం. మూడుతో నిశ్శేషంగా భాగించబడే సంవత్సరం సీ. ఆ లెక్కన 2026 ఏ, 2027 బీ, 2028 సీ. దైవార్చన సంవత్సరం మాత్రం జనవరిలో కాదు, అంతకు ముందరి ఆగమన కాలం (క్రిస్మస్‌కు సిద్ధపడే వారాలు) మొదటి ఆదివారంతోనే మొదలవుతుంది.

ఈ చక్రంలో పెద్దల శిక్షణకు చేతికందే చోట్లు కొన్ని ఉన్నాయి. ‘ఏ’ సంవత్సరం తపస్కాలంలో మూడు, నాలుగు, ఐదవ ఆదివారాల్లో సమరియ స్త్రీ, పుట్టు గుడ్డివాడు, లాజరు వస్తారు. నీళ్లు, వెలుగు, జీవం. జ్ఞానస్నానానికి సిద్ధపడేవారి కోసం శ్రీసభ ప్రాచీన కాలం నుంచి వాడిన పఠనాలివి. 1972లో పునరుద్ధరించిన పెద్దల క్రైస్తవ ప్రవేశ క్రమంలోనూ ఇవే ఉన్నాయి. బీ సంవత్సరంలో సామాన్య కాలం 17 నుంచి 21వ ఆదివారం దాకా, అంటే జులై చివర నుంచి ఆగస్టు దాకా, యోహాను ఆరవ అధ్యాయం నడుస్తుంది. పూజను గురించి, దివ్యసత్ప్రసాదం గురించి నేర్పడానికి ఐదు వారాలు వరసగా దొరుకుతాయి. సీ సంవత్సరంలో తపస్కాలం నాలుగవ ఆదివారం తప్పిపోయిన కుమారుడి ఉపమానం. పాపసంకీర్తనం గురించి మాట్లాడటానికి అంతకన్నా మంచి రోజు దొరకదు.

దీని పక్కనే రెండవ క్యాలెండరు పెట్టుకోండి, మీ ఊరి పొలం పనులది. డెల్టాలో వరి నాట్లప్పుడు, గుంటూరు వైపు మిరప కోతలప్పుడు, వరంగల్, ఆదిలాబాద్ వైపు పత్తి తీతలప్పుడు ఆడవాళ్లు రాత్రి ఎనిమిదింటికి కూడా నిలబడలేరు. మిరప కోతలు దాదాపు తపస్కాలంలోనే వస్తాయి. అలాంటప్పుడు కూడికను అరగంటకు కుదించండి, లేదా పొలం నుంచి వచ్చే దారిలో ఎవరి అరుగు మీదో పెట్టండి. రద్దు మాత్రం చేయకండి. హైదరాబాద్, విశాఖల్లో షిఫ్టు ఉద్యోగాలుంటే ఆదివారం పూజకు ముందు నలభై ఐదు నిమిషాలు కుదురుతుంది. ఏడాది పొడవునా నడపలేకపోతే తపస్కాలం ఆరు వారాలతో మొదలుపెట్టండి. ఆరు వారాలంటే ఎవరైనా మాటిస్తారు.

నాలుగవ అడుగు: ఎవరింట్లో

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కూడిక నిలబడేదీ విరిగేదీ ఇక్కడే. గుడి హాలులో పెడితే జనం వరుసల్లో కూర్చుని ప్రసంగం కోసం చూస్తారు. ఇళ్లలో పెడితే మాట్లాడతారు. అయితే ఎవరి ఇళ్లలో? మన విచారణల్లో కులం గుడి గడప దగ్గర ఆగిపోదు. కూడిక ఎప్పుడూ ఒకే వీధిలో జరిగితే రెండో వీధి వాళ్లు రారు, ఎందుకు రాలేదో ఎవరూ పైకి చెప్పరు. అందుకే మొదటి వారం నుంచే ఇల్లు మారుతూ ఉండాలి. అందరూ అందరి ఇళ్లకూ వెళ్లాలి, అందరి ఇళ్లలో మంచినీళ్లు తాగాలి. ఈ షరతు మొదటే చెప్పండి, మెత్తగా చెప్పండి, సడలించకండి.

భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016లో దళితుల సాధికారత విధానాన్ని వెలువరించింది. 2022లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి పూల ఆంథోని గారు కార్డినల్ అయ్యారు, దళితుల నుంచి ఆ స్థానానికి చేరిన మొదటి వ్యక్తి ఆయన. ఇవి మనం సంతోషించాల్సినవే. కానీ విశ్వాస శిక్షణ నిజమో కాదో తేలేది ఎవరింట్లో చాప పరిచారన్న దగ్గర.

ఐదవ అడుగు: పుస్తకాలు

బైబిలు ఒకటి చాలు, కానీ ఏ బైబిలో చూడండి. మన కొన్ని ఇళ్లలో ఉండేది 66 గ్రంథాల పాత అనువాదం. కతోలిక బైబిలులో 73 ఉంటాయి. తోబితు, యూదితు, మక్కబీయులు, సొలోమోను జ్ఞానగ్రంథం, సీరా పుత్రుని జ్ఞానగ్రంథం, బారూకు కోసం వెతికి దొరక్క ఇబ్బంది పడే విశ్వాసులుంటారు. చనిపోయినవారి కోసం ప్రార్థించే మన ఆచారానికి చూపించే వాక్యం మక్కబీయుల రెండవ గ్రంథం 12వ అధ్యాయంలో ఉంది. నవంబరు 2న సమాధుల మీద కొవ్వొత్తులు వెలిగించే కుటుంబానికి ఆ పుట తెరిచి చూపించగలగాలి.

నడిపించేవారి దగ్గర 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశ గ్రంథం ఉంటే మంచిది. అందులో నాలుగు భాగాలు: మనం విశ్వసించేది, దేవద్రవ్యానుమానాలు (దివ్య సంస్కారాలు), క్రీస్తులో జీవితం, ప్రార్థన. ప్రశ్న ఏ భాగానిదో తెలిస్తే జవాబు వెతకడం సులువవుతుంది. దాన్ని కూడికలో చదివి వినిపించకండి. ఇంట్లో చదువుకుని మీ మాటల్లో చెప్పండి.

ఆరవ అడుగు: ఒక కూడిక ఎలా సాగాలి

మచ్చుకు ‘ఏ’ సంవత్సరం తపస్కాలం మూడవ ఆదివారం తీసుకుందాం. యోహాను నాలుగవ అధ్యాయం, 5 నుంచి 42 వచనాలు. శుక్రవారం సిలువ మార్గం ఉంటుంది కాబట్టి కూడిక మంగళవారమో బుధవారమో రాత్రి. గంటన్నర దాటనివ్వకండి.

మధ్యలో స్టూలు మీద తెరిచిన బైబిలు, ఒక కొవ్వొత్తి. అందరికీ వచ్చిన పాట ఒకటి, పవిత్రాత్మకు చిన్న జపం. పఠనం పొడవైనది కాబట్టి ముగ్గురు చదవాలి. కథ చెప్పేది ఒకరు, యేసు మాటలు ఒకరు, స్త్రీ మాటలు ఒకరు. స్త్రీ మాటలు స్త్రీయే చదవాలి. చదివాక రెండు నిమిషాలు మౌనం. తర్వాత 5 నుంచి 15 వచనాలు మాత్రం మళ్లీ, మెల్లగా. ఈసారి ప్రతి ఒక్కరూ తమను తాకిన ఒక మాటనో వాక్యాన్నో పైకి అనాలి. వివరణ వద్దు, మాట చాలు. "దాహం." "నన్ను నీళ్లు ఎలా అడుగుతున్నావు?" "లోతైన బావి." చదవడం రానివారు ఇక్కడ ఎవరికీ తీసిపోరు, విన్నది గుర్తు పెట్టుకోవడంలో వాళ్లే ముందుంటారు.

అప్పుడు నడిపించేవారు ఐదు నిమిషాలు, అంతకు మించకుండా, నేపథ్యం చెప్పాలి. యూదులకూ సమరీయులకూ పొసగదు. ఆరాధించాల్సింది యెరూషలేములోనా, ఈ కొండ మీదా అన్నది వాళ్ల మధ్య పాత తగవు. ఆమె మిట్టమధ్యాహ్నం నీళ్లకు వచ్చింది. ఒక స్త్రీతో ఆయన మాట్లాడటం చూసి శిష్యులే ఆశ్చర్యపోయారు. ఆమె ఆయనను దైవశాస్త్ర ప్రశ్నే అడిగింది, ఆయన దాన్ని కొట్టిపారేయకుండా జవాబిచ్చాడు.

తర్వాత ప్రశ్న. "మన ఊళ్లో మీ చిన్నప్పుడు నీళ్లు ఎక్కడ తెచ్చుకునేవారు? ఎవరు తోడేవారు, ఎవరు ఎదురుచూసేవారు?" డెబ్బై ఏళ్ల అమ్మమ్మలు మాట్లాడతారు. ఊరి బావి వేరు, దళితుల పల్లె బావి వేరు అని చెబుతారు. ఎవరో పైనుంచి పోస్తే దోసిలి పట్టి తాగిన రోజులు చెబుతారు. ఆ మాటలు విన్నాక "నాకు దాహమునకు ఇమ్ము" అని యేసు ఒక సమరియ స్త్రీని అడగడం ఎంత పెద్ద విషయమో ఎవరూ వివరించనక్కర్లేదు. ఇక్కడ నడిపించేవారు జాగ్రత్తగా ఉండాలి. ఎవరినీ దోషిగా నిలబెట్టకూడదు, ఎవరి బాధనూ "అదంతా పాత సంగతి" అని కప్పిపెట్టకూడదు. వినడం, ఆ తర్వాత కాసేపు మౌనం. ఆ మౌనంలోనే ప్రార్థన మొదలవుతుంది, ఎవరికి వారు రెండు మాటల్లో చెప్పుకోవచ్చు.

చివరగా ఈ వారం చేయాల్సిన ఒక్క పని. ఆమె కడవ అక్కడే వదిలి ఊళ్లోకి పరుగెత్తింది. మనం ఎవరితో మాట్లాడటం మానేశాం? వాళ్లలో ఒకరి ఇంటికి ఈ వారం వెళ్లాలి. వచ్చే కూడికలో దాని గురించి చెప్పాలనిపిస్తే చెప్పవచ్చు, బలవంతం లేదు.

చదవడం, ధ్యానించడం, ప్రార్థించడం, దైవసన్నిధిలో ఊరకే నిలవడం అనే ఈ నాలుగు మెట్లను 12వ శతాబ్దంలో రెండవ గ్విగో అనే కార్తూసియన్ మఠాధిపతి రాసి పెట్టాడు. రెండవ వాటికన్ మహాసభ 1965లో దైవవాక్కు గురించిన పత్రంలో విశ్వాసులందరూ ప్రార్థనతో కలిపి లేఖనం చదవాలని కోరింది. మఠాల్లో పుట్టిన పద్ధతి చాప మీద కూర్చున్న పదిమందికీ సరిపోతుంది.

ఏడవ అడుగు: కష్టమైన ప్రశ్నలు

నెలకొక కూడికను మీ నోటు పుస్తకంలోని ప్రశ్నలకు కేటాయించండి. ఆ రోజు ఫాదర్ గారు ఉంటే బాగుంటుంది. జవాబు సూటిగా ఉండాలి.

మరియమాత విషయంలో: ఆరాధన దేవునికే. ఆమెకు ఇచ్చేది గౌరవం, కోరేది మన కోసం ప్రార్థించమని. కానా పెళ్లిలో ఆమె సేవకులతో అన్నది ఆయన చెప్పినట్టు చేయమనే. ఏటా ఫిబ్రవరిలో గుణదల కొండ ఎక్కే లక్షల మందికి ఈ రెండు మాటలు తెలిస్తే చాలు. పక్కింటి వారు వేరే సంఘానికి వెళ్లేవారైతే వాళ్లను ఓడించడానికి కాకుండా చెప్పడం నేర్పండి.

జబ్బు గురించి: "నీ విశ్వాసం తక్కువ, అందుకే తగ్గలేదు" అనే మాటను మీ కూడికలో ఎవరూ అనకుండా చూడండి. తన శరీరంలోని ముల్లు తీసివేయమని పౌలు మూడుసార్లు వేడుకున్నాడు, దాన్ని తీసివేయలేదు, నా కృప నీకు చాలును అని జవాబు వచ్చింది. పౌలుకు విశ్వాసం తక్కువని ఎవరంటారు? ఇదే సందర్భంలో వ్యాధిగ్రస్తుల అభ్యంగనం గురించి చెప్పండి. ఫాదర్ గారిని పిలిస్తే ఇక పోయినట్టే అనుకుని చివరి ఊపిరి దాకా పిలవని కుటుంబాలు చాలా ఉన్నాయి. అది ప్రాణం పోయే క్షణంలో ఉన్నవారికి మాత్రమే కాదని రెండవ వాటికన్ మహాసభ 1963లోనే స్పష్టం చేసింది. జబ్బు ప్రమాదకరంగా మారుతున్నప్పుడే అడగాలి. పెద్ద ఆపరేషన్‌కు ముందు అడగవచ్చు.

ముహూర్తాలు, దిష్టి, వాస్తు: శ్రీసభ వీటిని ఒప్పుకోదు, ఆ మాట దాచకండి. కానీ అడిగిన తల్లి భయం దేని గురించో ముందు వినండి. కూతురి కాపురం ఏమవుతుందోనన్న భయానికి ప్రార్థనా, తోడూ దొరికితే పంచాంగం అవసరం దానంతట అదే తగ్గుతుంది.

ఎనిమిదవ అడుగు: ఇంట్లో, వారం మధ్యలో

కూడికలో విన్నది ఇంట్లో ప్రార్థనగా మారకపోతే అది సమాచారంగా మిగిలిపోతుంది. పడుకునే ముందు పది నిమిషాల ఆత్మపరిశోధన నేర్పండి. పునీత లొయోలా ఇగ్నేషియస్ 1548లో అచ్చయిన తన ఆధ్యాత్మిక సాధనల్లో చెప్పింది ఇదే. ముందు కృతజ్ఞత, తర్వాత వెలుగు కోసం వేడుకోలు, ఆ రోజంతటినీ గంట గంటగా గుర్తుచేసుకోవడం, తప్పులకు క్షమాపణ, రేపటికి ఒక తీర్మానం. కృతజ్ఞతను మొదట పెట్టడం చాలా ముఖ్యం. తప్పులతో మొదలుపెట్టే అలవాటున్న మనవాళ్లు చాలామంది దేవుణ్ణి లెక్కలడిగే మేస్త్రిలా చూస్తూ పెరిగారు.

ఇలా నెల రోజులు చేసినవారికి పాపసంకీర్తనం భయం పోతుంది, ఏం చెప్పాలో తెలుస్తుంది. జపమాల మానమనకండి. ఒక్కో దైవ రహస్యం ముందు దానికి సంబంధించిన సువిశేష వాక్యం ఒకటి చదివించండి. ఏడాదికొకసారి ఒక్క రోజు వడకం (రిట్రీట్) పెట్టండి. మౌనం ఉండాలి, ఫోన్లు ఒక పళ్లెంలో పెట్టించాలి.

కువైట్‌లోనో దుబాయ్‌లోనో ఉన్న భర్త, కూతురు కూడా ఇందులో ఉండవచ్చు. అదే ఆదివారపు పఠనాలు అక్కడా చదువుతారు. ఇంట్లోవాళ్లు సువిశేషం చదివి వాట్సాప్‌లో గొంతు పంపితే, వాళ్లు విని తమ మాట పంపుతారు. దూరాన ఉన్న దంపతులు డబ్బు గురించి కాకుండా వేరే విషయం మాట్లాడుకోవడానికి అదొక దారి.

సేవ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. మంచాన పడినవారి ఇంటికి ప్రతి వారం ఇద్దరు వెళ్లాలి, ఆదివార సువిశేషం చదివి వినిపించాలి, ఆ ఇంట్లో చేయాల్సిన పని ఉంటే చేయాలి. మరియదళం, విన్సెంట్ డి పాల్ సంఘం మీ విచారణలో ఉంటే వారితో కలిసి చేయండి, పోటీగా కాదు.

తొమ్మిదవ అడుగు: ఎదుగుతోందా?

హాజరు పట్టిక చూసి తేల్చకండి. ఆరు నెలలయ్యాక వీటిని గమనించండి. మొదట్లో మాట్లాడని వాళ్లు మాట్లాడుతున్నారా? మగవాళ్లు బయట బండి మీద కూర్చోవడం మాని లోపలికి వస్తున్నారా? ఆదివారం ప్రసంగం గురించి ఇంటిదారిలో చర్చ జరుగుతోందా? పలకరించుకోని రెండు కుటుంబాల్లో ఒకటైనా పలకరించిందా? తల్లిదండ్రులు పిల్లల సత్యోపదేశ పుస్తకం తెరిచి చూస్తున్నారా?

జనం తగ్గితే కారణం ఇళ్లకు వెళ్లి కనుక్కోండి. చాలాసార్లు ఒకే మనిషి ఎక్కువ మాట్లాడటం కారణమవుతుంది, ఆ మనిషితో విడిగా, ప్రేమగా చెప్పాలి. కొన్నిసార్లు కూడికలో చెప్పుకున్న ఇంటి సంగతి బయటకు పొక్కడం కారణమవుతుంది. అలా జరిగితే తర్వాతి కూడికలోనే అందరి ముందు ఆ విషయం ఎత్తండి, నొచ్చుకున్నవారి ఇంటికి నడిపించేవారే స్వయంగా వెళ్లండి. టిఫిన్లు పోటీగా పెరిగిపోవడమూ ఒక కారణమే. టీ, బిస్కెట్లతో ఆపేయాలని మొదటే నియమం పెట్టండి, లేకపోతే బీద ఇళ్లు తమ వంతు రాకముందే తప్పుకుంటాయి.

పదిహేను మంది దాటితే కూడికను రెండు చేయండి. రెండో దాన్ని నడిపే మనిషిని అప్పటికి మూడు నెలల ముందే ఎంచుకుని, ఒక్కో భాగం అప్పగిస్తూ రావాలి. ముందు పాట, తర్వాత పఠనం, తర్వాత ప్రశ్న, చివరికి మొత్తం కూడిక. కొత్త కూడిక మొదలయ్యాక మొదటి మూడు వారాలు పాత కూడికను నడిపే మనిషి వెనక వరుసలో కూర్చుని వినాలి. నాలుగో వారం నుంచి ఆయన వెళ్లకూడదు.